దిగువ కృష్ణా డెల్టాలో వస్తు తయారీ: నాలుగు శతాబ్దాల విధానాలు

పాలకాయతిప్ప కృష్ణా జిల్లా దివిసీమలో, కోడూరు మండలంలో, హంసలదీవి పక్కన, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా ఉన్న తీర గ్రామం. తిప్ప అంటే ఇసుక మేట. చేపల వేట, రొయ్యల చెరువులు, కార్తీకంలో సముద్రస్నానానికి వచ్చే జనం, ఒక మెరైన్ పోలీసు స్టేషను: ఈ ఊరి పేరు పత్రికల్లోకి ఎక్కేది ఎక్కువగా వీటితోనే. పరిశ్రమల గురించిన వ్యాసం ఇక్కడ మొదలవడం వింతగా తోచవచ్చు. కానీ ఇక్కడి నుంచి బందరు, పెడన, ఉయ్యూరు, గుడివాడ దాకా ఒక గీత గీస్తే, ఆ గీత మీద నాలుగు వందల ఏళ్ల వస్తు తయారీ చరిత్ర పరుచుకుని ఉంటుంది. అద్దకపు బట్ట, కవరింగు నగ, బియ్యం, పంచదార, సైన్యానికి రాత్రి చూపునిచ్చే దుర్భిణి, ఐసులో పెట్టిన రొయ్య, అన్నీ ఈ గీత మీదివే. వీటిలో కొన్ని పెరిగాయి, కొన్ని బతికి ఉన్నాయి, కొన్ని ఆగిపోయాయి. ఏది ఎందుకు పెరిగిందని వెతుక్కుంటూ పోతే సమాధానం ప్రతిసారీ పనివాడి చేతి దగ్గర ఆగదు. పని నడవకుండా అడ్డుపడుతున్నది ఏమిటో కనిపెట్టి, దాన్ని ఏళ్ల తరబడి తొలగిస్తూ వచ్చిన విధానం ఉన్నచోట తయారీ పెరిగింది. స్థలం చూపించి, శిలాఫలకం వేసి, రాయితీ ప్రకటించి పక్కకు తప్పుకున్నచోట పెరగలేదు. ఈ వ్యాసం చెప్పదలచినది అదే.

ముందుగా బట్ట సంగతి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో బందరులో, అంటే మచిలీపట్నంలో, స్థావరాలు పెట్టారు. అది అప్పుడు గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు. వాళ్లను రప్పించిన సరుకుల్లో మొదటి వరసలో నిలిచింది ఇక్కడి అద్దకం. ఆనాటి ఎర్రరంగు రహస్యం చిరివేరులో ఉండేది. గుల్ల కలిసిన తీరపు ఇసుక నేలలో పెరిగిన వేరుకు రంగు బలంగా పట్టేది. అప్పట్లో పెద్దపల్లి అని పిలిచిన నిజాంపట్నం వైపు వేరు మేలైనదని పదిహేడో శతాబ్దపు యూరప్ వర్తకులు రాసిపెట్టారు. పని పద్ధతి ఇప్పటికీ పెడనలో పెద్దగా మారలేదు. నూలు బట్టను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరవేస్తూ తడుపుతూ గంజి పోగొట్టి తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ రసంలో ముంచుతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లంనీళ్లలో వారాల తరబడి ఊరవేస్తే వచ్చే ద్రవాన్ని అచ్చుతో అద్దితే, బట్టలోని కరక్కాయ తాకి అది నల్లగా మారుతుంది. ఎరుపు రావలసిన చోట ముందు పటికనీళ్లు అద్దుతారు. అప్పటికి కంటికి పెద్దగా ఏమీ కనబడదు. బట్టను పారే నీళ్లలో జాడించి, రంగుచెక్కలు, వేళ్లు వేసిన రాగి డేగిసాలో ఉడకబెట్టినప్పుడు పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేచి వస్తుంది. నిలవ నీళ్లలో జాడిస్తే పటిక పక్కలకు పాకి పువ్వు అంచు చెదిరిపోతుంది. అందుకే ఈ పరిశ్రమకు యంత్రం కంటే ముందు కావలసింది ఉప్పు తగలని, పారే కాలువనీరు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. రెంటికీ పేరు కలంకారీయే అయినా పనితీరు వేరు.

ఈ బట్టను దెబ్బతీసింది నాణ్యతలో లోపం కాదు. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టల మీద నిషేధం పెట్టి 1759 దాకా కొనసాగించింది. ఇంగ్లండు పార్లమెంటు 1700లో చేసిన చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చి, భారతదేశపు రంగు అద్దిన నూలు బట్టలను స్వదేశంలో వాడకుండా ఆపింది. అయితే తెల్లబట్ట తెచ్చుకుని లండనులో అద్దుకోవడానికి దారి ఉంచింది. అలా పెరిగిన లండను అద్దకాలను కూడా ఉన్ని, పట్టు నేతగాళ్లు సహించలేకపోతే, 1721లో మరో చట్టం తెచ్చి దాదాపు అన్ని రకాల అద్దకపు నూలు బట్టలను కట్టుకోవడమే నేరం చేశారు. తమ దేశపు నూలుతో నేసిన బట్టకు 1774లో ఆ ఆంక్ష ఎత్తేశారు. అప్పటికి వాళ్ల నూలు యంత్రాలు నడక నేర్చాయి. బందరు అద్దకం మాత్రం ఇంగ్లండు గడప దాటలేక, పర్షియా వంటి ఇతర బజార్ల మీద ఆధారపడవలసి వచ్చింది. 1759లో ఇంగ్లీషు సేన ఫ్రెంచివారి నుంచి బందరు కోటను పట్టుకుంది, 1766లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. అప్పటి నుంచి కొనేవాడు, ఏలేవాడు ఒకడే అయ్యాడు. పందొమ్మిదో శతాబ్దంలో మిల్లుబట్ట వచ్చి పడింది. ఆపైన 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరులో, చుట్టుపక్కల దాదాపు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది.

చట్టాలే దెబ్బతీశాయన్న ఈ వాదానికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. చట్టాలు లేకపోయినా ఆవిరి మగ్గం ముందు చేతి అద్దకం నిలిచేదా, చౌకదనమే గెలిచేది గదా, దొరల చట్టాల మీద నెపం వేయడం జాతీయవాదుల అలవాటు కాదా అని అంటారు. యంత్రం రాక తప్పేది కాదన్నమాట నిజమే. కానీ ఆ యంత్రం తప్పటడుగులు వేసిన కాలంలో దానికి నీడ పట్టింది ఆ నిషేధాలే. మొదటి చట్టం నుంచి ఆంక్ష సడలించేదాకా డెబ్బై ఏళ్లు పైబడి గడిచాయి. అన్నేళ్లు ఒక దేశం తన పనివాళ్లకు నేర్చుకునే వ్యవధి ఇచ్చింది. బందరు పనివాడికి ఆ వ్యవధి ఇచ్చే ప్రభుత్వం లేదు. చౌకదనం ఆకాశం నుంచి ఊడిపడదు, ఎవరో ఒకరు నష్టం భరిస్తే నేర్చుకోగా వస్తుంది. సుంకాలతో గోడ కట్టుకోమని ఈ చరిత్ర చెప్పదు. విధానం పనిచేయాలంటే దానికి తరం పొడవునా ఆయుష్షు ఉండాలని మాత్రం చెబుతుంది.

అలాంటి నిలకడ ప్రభుత్వం లేకుండా కూడా ఒకసారి బందరులో కనబడింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనికతో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. చదువుతోపాటు చేతిపనులూ నేర్పాలన్నది దాని సంకల్పం. 1915లో జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, 1923లో పట్టాభి స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చాయి. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలైంది. పదహారేళ్లలో ఒకే పట్నంలో బడి, అప్పు, బీమా, ప్రయోగశాల పరికరాలు చేసే కార్ఖానా నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఏర్పడ్డాయి. రేవు పూడిపోయిన ఊరు అది. పెద్ద ఓడ నిలవలేని ఊరు. అయినా అక్కడ కటకం అరగదీసే పరిశ్రమ పుట్టింది. పరిశ్రమకు రేవే ప్రాణమనే వాదానికి బందరులోనే దొరికే జవాబు ఇది.

ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ తర్వాతి కథ ఇంకా ముఖ్యం. కాలం మారి ప్రైవేటుగా నడవడం కష్టమయ్యాక 1983లో కేంద్ర రక్షణ శాఖ కిందున్న భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకుంది. కళాశాలలకు సూక్ష్మదర్శినులు చేసిన చేతులు సైన్యానికి రాత్రి చూపు పరికరాలు చేయసాగాయి. పామర్రు మండలం నిమ్మలూరులో దానికోసం కొత్త కర్మాగారం కట్టారు. ఇక్కడ ప్రభుత్వం ఇచ్చినది రాయితీ కాదు, కొనుగోలు. ఏటా తప్పకుండా కొనే గిరాకీదారు దొరికితే కటకాలపని వంటి నిదానపు విద్య నిలబడుతుంది. 2020 ఆగస్టులో రక్షణ శాఖ 101 రకాల సామగ్రిని ఇకపై దేశంలోనే కొంటామని జాబితా ప్రకటించి ఆ సూత్రాన్నే విస్తరించింది. ప్రభుత్వ కర్మాగారాలు గుడ్డిగా నష్టాలు మోస్తాయనే విమర్శ చాలాచోట్ల సబబే కానీ, బందరు యూనిట్ విషయంలో దాన్ని వల్లించేముందు 1926లో పుట్టిన విద్య ఈనాటికీ అదే ప్రాంతంలో ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి. దానితోపాటు పుట్టిన ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయం హైదరాబాదు తరలిపోయింది. 1980లో జాతీయమైన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసి పేరు కూడా పోగొట్టుకుంది.

స్వాతంత్ర్యం తర్వాత దేశం అనుసరించిన పారిశ్రామిక విధానాలను ఇక్కడ క్లుప్తంగా చూస్తే చాలు. 1951 చట్టం పరిశ్రమలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. 1956 తీర్మానం మూల పరిశ్రమలను ప్రభుత్వానికి అప్పగించింది. 1967లో 47 వస్తువులతో మొదలుపెట్టి చిన్న పరిశ్రమలకే కేటాయించిన జాబితా ఎనిమిది వందలు దాటింది. చివరి 20 వస్తువులను 2015 ఏప్రిల్లో తొలగించడంతో ఆ జాబితా ముగిసింది. 1973లో ఏర్పడిన రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఊరూరా పారిశ్రామికవాడలు వేసింది. 1991లో చాలా పరిశ్రమలకు ఆ లైసెన్సులు పోయాయి. 2011 జాతీయ తయారీ విధానం జాతీయోత్పత్తిలో తయారీ వాటాను 25 శాతానికి చేరుస్తామంది. 2014 సెప్టెంబరు 25న మొదలైన ‘మేక్ ఇన్ ఇండియా’ అదే లక్ష్యాన్ని మళ్లీ చెప్పింది. 2020 తర్వాత 14 రంగాలకు ఉత్పత్తితో ముడిపెట్టిన ప్రోత్సాహకాల పథకం 1.97 లక్షల కోట్ల రూపాయల కేటాయింపుతో వచ్చింది. ఇన్ని జరిగినా తయారీ వాటా 15 నుంచి 17 శాతం మధ్యే కదలాడుతోంది. విధానాలు లేక కాదు. అవి ఎక్కడ తగలాలో అక్కడ తగలక.

ఎక్కడ తగలాలో తెలియాలంటే చిలకలపూడి బంగారం చూడాలి. బందరు పక్కనున్న చిలకలపూడి పేరు తెలుగునాట కవరింగు నగకు మారుపేరైంది. ఎవరినైనా ఎగతాళి చేయడానికి కూడా వాడేటంతగా ఆ పేరు భాషలో కలిసిపోయింది. రాగి, ఇత్తడి రేకులను డైల కింద కొట్టి ముక్కలు తీస్తారు, తీగలు లాగి గొలుసులు అల్లుతారు, అతుకులు వేస్తారు, ఆమ్లంలో కడిగి మెరుగుపెడతారు. చివరకు బంగారం కరిగించిన ద్రావణంలో వేలాడదీసి విద్యుత్తు పంపితే మైక్రాన్లలో కొలిచే పూత పడుతుంది. రాళ్లు అతికే పని చాలామటుకు ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. కూలి ముక్కల లెక్క. అంటే ఒక్క జత దుద్దులు పెట్టెలోకి చేరేలోపు నాలుగైదు కొట్లు, రెండు మూడిళ్లు తిరుగుతాయి. ఈ పనికి పోతేపల్లిలో ప్రత్యేకంగా పారిశ్రామికవాడ ఏర్పడింది. స్థలం అవసరమే. కానీ ఈ పనిలో అసలు చిక్కులు మూడు: పూతగదిలోంచి వచ్చే సైనైడు ఆమ్లాల నీటిని శుద్ధిచేయడం, యూనిట్ కరెంటు ధర, రాజ్‌కోట్ యంత్రాల పోతపనితో పోటీపడే కొత్త నమూనాలు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరి దుకాణదారుడు తీర్చుకోగలిగింది కాదు. వందమందికి కలిపి ఒక శుద్ధికేంద్రం, ఒక డై కార్ఖానా, ఒక పూత మందం పరీక్షించే ప్రయోగశాల ఉంటే చాలామటుకు తీరతాయి. కేంద్ర సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం ఉద్దేశం అదే. విధానాల జాబితాలో ఇది అట్టడుగున ఉంటుంది, వార్తల్లో అసలే ఉండదు. నా లెక్కలో మాత్రం బందరు వంటి ఊరికి దీని విలువ పెద్ద పథకాలన్నిటికంటే ఎక్కువ.

ఇక్కడే రెండో అభ్యంతరం వస్తుంది. చిన్నవాటిని పోషించడం వల్లే మన పరిశ్రమ గిడసబారిందని ఆర్థికవేత్తలు చాలాకాలంగా అంటున్నారు. 2018–19 కేంద్ర ఆర్థిక సర్వే పదేళ్లు దాటినా వందమంది పనివాళ్లకు చేరని సంస్థలను మరుగుజ్జులని పేరుపెట్టి, వ్యవస్థీకృత తయారీలో సగం సంస్థలు అవే అయినా ఉద్యోగాల్లో వాటి వాటా 14 శాతమేనని లెక్క చెప్పింది. ఈ విమర్శను తోసిపుచ్చలేం. చిన్నగా ఉన్నంతకాలమే రాయితీ అంటే ఎవడైనా చిన్నగానే ఉంటాడు. పెట్టుబడి పెరగగానే హోదా పోయే ఆ పద్ధతిని 2020 జులైలో, మళ్లీ 2025 ఏప్రిల్లో పరిమితులు పెంచి కొంత సడలించారు. ఇప్పుడు 25 కోట్ల పెట్టుబడి, 100 కోట్ల టర్నోవరు దాకా చిన్న పరిశ్రమే. కానీ సర్వే వేలెత్తి చూపింది సంస్థ పరిమాణానికి ఇచ్చే బహుమతిని. ఉమ్మడి శుద్ధికేంద్రం, పరీక్షశాల పరిమాణానికి బహుమతులు కావు. పెరగడానికి అడ్డుపడే ఖర్చును పంచేవి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి సబ్సిడీ అనడం వల్లే మన వాదాలు దారి తప్పుతున్నాయి. కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడూ విధానం తగలవలసిన చోట తగల్లేదు. పేరుకు రక్షణ వచ్చింది. స్క్రీను ముద్రణతో రసాయన రంగులు పూసిన బట్ట అదే పేరుతో బజారులో దొరుకుతూనే ఉంది. చట్టంలో రక్షణ ఉన్నా దుకాణంలో గజం బట్టను చూసి తేడా చెప్పే యంత్రాంగం లేకపోతే, చీరకొనే మనిషికి కనిపించేది ధర ఒక్కటే.

బియ్యం, పంచదారల దగ్గర మరో రకం విధానం కనిపిస్తుంది. అది చంపదు, పెంచదు. గుడివాడ చుట్టుపక్కల రైసు మిల్లుల పనిలో పెద్దభాగం ప్రభుత్వం కొన్న ధాన్యాన్ని మరపట్టి ఇవ్వడమే. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం లెక్కకట్టి అప్పజెప్పాలి. నూక, తవుడు, ఊక మిల్లువాడివి. గిరాకీ ఖాయం, ధర ఖాయం. కాబట్టి మంచి బియ్యం చేసి సొంత పేరు తెచ్చుకోవలసిన అగత్యమూ లేదు. రైతుకు మద్దతు ధర అందడానికి ఈ ఏర్పాటు కావాలనే మాట ఒప్పుకోవలసిందే. అయితే దాన్ని పారిశ్రామిక విధానం అనుకుంటే పొరపాటు. సైన్యం కొనుగోలు బందరులో విద్యను పెంచితే, ధాన్యం కొనుగోలు గుడివాడలో మరను మరగానే ఉంచింది. తేడా కొనేవాడు ఏం అడిగాడన్న దాంట్లో ఉంది. మొదటివాడు ఏటికేడు మెరుగైన పరికరం అడిగాడు, రెండోవాడు 67 కిలోలు అడిగాడు. పంచదార ఇంకా విచారకరం. 1941 నుంచి ఉయ్యూరు కర్మాగారం కేసీపీ సంస్థ చేతిలో నడుస్తోంది. దివిసీమ చెరకు ఆడిన చల్లపల్లి దగ్గరి లక్ష్మీపురం కర్మాగారంలో మాత్రం చెరకు చాలక క్రషింగ్ ఆగిపోయింది. చెరకు ధర ఢిల్లీలో, పంచదార ధర బజారులో తేలుతుంటే మధ్యలో నలిగిన రైతు ఇతర పంటలకు, చెరువులకు మళ్లాడు. కర్మాగారానికి ముడిసరుకు పండించేవాడిని మరిచిన విధానం కర్మాగారాన్ని కూడా నిలపలేదు.

ఆ చెరువులే మనల్ని మళ్లీ పాలకాయతిప్ప వైపు తెస్తాయి. 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వా అథారిటీ చట్టం వచ్చింది, 2009లో వెనామీ రకం రొయ్యకు అనుమతి దొరికింది. వ్యాధిలేని తల్లిరొయ్యల దిగుమతి, హేచరీల నమోదు, క్వారంటైను, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి అమరాయి. అక్కడ విధానం సరిగ్గా చిక్కు ఉన్నచోటే చెయ్యి పెట్టింది కాబట్టి ఉత్పత్తి ఉప్పొంగింది. 2024–25లో దేశం నుంచి సుమారు 62,400 కోట్ల రూపాయల సముద్రోత్పత్తులు ఎగుమతైతే విలువలో మూడింట రెండువంతులు రొయ్యే. అందులో ఆంధ్రప్రదేశ్‌ది పెద్ద వాటా. కానీ పెంచడం వేరు, తయారుచేయడం వేరు. పట్టుబడి రోజున చెరువుగట్టున కౌంటు చూసి, కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధరో తేల్చి, ప్లాస్టిక్ ట్రేల్లో ఐసు వేసి లారీకి ఎత్తుతారు. తల తీయడం, పెంకు వలవడం, నడుం నరం లాగడం, ఒక్కొక్కటి విడిగా గడ్డకట్టించడం, ఉడికించడం, పిండి పట్టించి వేయించడానికి సిద్ధంచేయడం, ప్రతి మెట్టుకూ విలువ పెరుగుతుంది, ప్రతి మెట్టులోనూ ఎక్కువగా ఆడవాళ్లకు పని దొరుకుతుంది. ఆ మెట్లకు కావలసింది తెంపులేని కరెంటు, శీతల గిడ్డంగి, మంచినీరు, యాంటీబయాటిక్ అవశేషాలను నమ్మకంగా పట్టుకునే ప్రయోగశాల. 2020 నాటి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 20,050 కోట్ల అంచనాతో వీటిలో కొన్నింటిని తలకెత్తుకుంది. దివిసీమ చివరి ఊళ్లలో కొరత ఉన్నది సరిగ్గా ఈ మెట్ల దగ్గరే.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. యాంటీ డంపింగ్ వంటి పాత సుంకాలు దానికి అదనం. డెల్టా చెరువుగట్టు మీద ధర కదిలిపోయింది. 1721లో లండనులో చేసిన చట్టం పెడన అద్దకపు గాబు దాకా వచ్చినట్టే ఇదీ వచ్చింది. ఒక్క గిరాకీదారు మీద, ఒక్క రకం సరుకు మీద ఆధారపడిన తయారీకి సొంత ప్రభుత్వ విధానం ఎంత బాగున్నా సగమే రక్షణ. ఎక్కువ మెట్లు ఎక్కిన సరుకుకు యూరప్, జపాన్, మన సొంత పట్టణాల బజారు కూడా దొరుకుతుంది. పచ్చి రొయ్యకు దొరికే బజార్లు అన్ని లేవు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. ఈ కొట్లు, గాబులు, ట్రేల లెక్కలు దేనికి, మచిలీపట్నం ఓడరేవు పూర్తయితే పరిశ్రమ తనంతట తనే వస్తుంది గదా అంటారు. రేవు కథ అందరికీ తెలిసిందే. 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019 ఫిబ్రవరిలో మరొకరు, 2023 మే 22న ఇంకొకరు పనులు ప్రారంభించారు. మధ్యలో నిర్మాణ సంస్థలు మారాయి, ఒప్పందాలు రద్దయ్యాయి. 2015లో పారిశ్రామిక కారిడారు పేరిట వేల ఎకరాలకు భూసేకరణ ప్రకటన రాగానే రైతులు ఎదురుతిరిగారు. తపసిపూడి దగ్గర ఇప్పుడు జరుగుతున్నది సుమారు 5,156 కోట్ల రూపాయల అంచనాతో, తొలిదశలో నాలుగు బెర్తులతో తలపెట్టిన పని. రేవు కావాలి, అందులో సందేహం లేదు. ఐసులో పెట్టిన సరుకు రోడ్డుమీద తిరిగే ప్రతి గంటా ఖర్చే. కానీ రేవు ఉన్న సరుకును మోస్తుంది, లేని సరుకును పుట్టించదు. పెద్ద పరిశ్రమ రావడానికి ఉదాహరణగా చూపే పెనుకొండ కియా కర్మాగారానికి దగ్గరలో సముద్రమే లేదు. 2017లో ఒప్పందం జరిగి 2019లో కార్లు బయటికొచ్చాయంటే కరువు నేల మీదికి గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్లు తేవడం, భూమి చదునుచేసి ఇవ్వడం, పనివాళ్లకు శిక్షణ అనే మూడు చిక్కులను ముందే విప్పడం వల్ల. పెద్ద పరిశ్రమ విషయంలో కూడా సూత్రం అదే పనిచేసింది.

తుపాను తీరంలో పరిశ్రమలు ఎందుకని అడిగేవారూ ఉన్నారు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను ముంచిన ఉప్పెనను ఈ ప్రాంతం మరవలేదు. కృష్ణా అభయారణ్యపు మడ అడవులు ఆ అలకు అడ్డుపడే గోడలు. వాటిని కొట్టి కట్టే ఏ కర్మాగారమూ లాభం కాదు. ఆ హద్దులోపలే దారి వెతుక్కోవాలి. నాగాయలంక తీరాన సుమారు 1,460 కోట్ల రూపాయల క్షిపణి ప్రయోగ కేంద్రానికి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు. లంక చివరిదాకా ప్రభుత్వం చెయ్యి చాపగలదనడానికి అది రుజువు. అయితే క్షిపణిని పరీక్షించే చోటు క్షిపణిని తయారుచేసే చోటు కాదు. నిమ్మలూరు, నాగాయలంక ఒకే జిల్లాలో ఉండటం వల్ల ఏదో ఒరుగుతుందని ఆశపడేముందు, 1910లో బందరు పెద్దలు ముందు బడి పెట్టిన సంగతి తలుచుకోవాలి.

నిలకడ గురించి చివరిగా ఒక మాట. ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక విధానం 2015–20కి ఒకటి, 2020–23కి ఒకటి, 2023–27కి ఒకటి వచ్చాయి. ఆ మూడోది సగం ప్రయాణం కూడా చేయకముందే 2024 అక్టోబరులో 2024–29కి మరొకటి ఆమోదం పొందింది. కొత్తదాంట్లో ఇంటికొక పారిశ్రామికవేత్త అనే నినాదం, 175 నియోజకవర్గాల్లో చిన్న పరిశ్రమల పార్కులు ఉన్నాయి. దాని గుణదోషాలు తేలడానికి ఐదేళ్లయినా పడుతుంది. ఐదేళ్లు దాన్ని ఉండనిస్తారా అన్నదే ప్రశ్న. విధానం మారితే పెద్ద కంపెనీ న్యాయవాదిని పెట్టుకుంటుంది, పోతేపల్లి పూతగది యజమాని షట్టరు దించుకుంటాడు. బందరు, గుడివాడ, దివిసీమ ఓటర్లు రేపు ఓటడగడానికి వచ్చేవారిని శంకుస్థాపన తేదీ అడగడం మానేసి, పార్కులో వ్యర్థజల శుద్ధి ఎప్పుడు మొదలవుతుందో, రొయ్యను పరీక్షించే ప్రయోగశాల ఏ మండలంలో పెడతారో, ఆ రెంటి నిర్వహణకు ఏటా డబ్బు ఎక్కడినుంచి వస్తుందో అడగాలి. అప్పటిదాకా ఈ తీరపు చెరువుల్లో పట్టిన రొయ్య తల తీయకుండానే ఐసులో పడి లారీ ఎక్కి పోతూ ఉంటుంది.